20 జౌల్స్ గీతకు ఇవతల: ఖరీదైన బుల్‌పప్ ఎయిర్ రైఫిళ్లలో ఏది దేనికి పనికొస్తుంది

"ఇంపాక్టా, డెల్టా వుల్ఫా?" హైదరాబాద్‌లో ఎయిర్ రైఫిళ్ల సరదా ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ఈ రెండు ఖరీదైన రైఫిళ్ల మీద వాదన రాకుండా ఉండదు. కాసేపటికి ఎవరో ఒకరు ఫోన్ తీసి అమెరికావాళ్ల వీడియో చూపిస్తారు. వంద గజాల దూరంలో పెట్టిన కోడిగుడ్డు పగిలిపోతూ ఉంటుంది. పక్కనున్నాయన నెమ్మదిగా అడుగుతాడు: "ఇంతకీ ఇది మన దగ్గర లైసెన్స్ లేకుండా వస్తుందా?"

ముందుగా తేల్చుకోవాల్సింది ఆ ప్రశ్నే. విదేశీ రివ్యూల్లో ఈ రైఫిళ్లను ఎక్కువగా పోల్చేది శక్తి మీద, దూరం మీద. మన చట్టం ఆ శక్తికి ఒక గీత గీసింది. గీతకు ఇవతల నిలబడి చూస్తే అవే రైఫిళ్ల మంచిచెడ్డల వరస మారిపోతుంది. అక్కడ నంబర్ వన్ అనిపించుకున్న గుణం ఇక్కడ దండగ కావచ్చు. అక్కడ ఒక్క వాక్యంలో దాటేసిన లోపమే ఇక్కడ రోజూ చికాకు పెట్టవచ్చు.

ట్రిగ్గర్ ముందుకు, యంత్రం వెనక్కి

మామూలు రైఫిల్‌లో వరస ఇలా ఉంటుంది: భుజానికి ఆనించే స్టాక్, తర్వాత ట్రిగ్గర్, దాని పైనో ముందో పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, పెట్టే చోటు, ఆ ముందు బ్యారెల్. స్టాక్ భాగమంతా దాదాపు ఖాళీ. బుల్‌పప్‌లో ఆ ఖాళీని వాడుకుంటారు. మ్యాగజైన్, వాల్వ్, సుత్తి అన్నీ ట్రిగ్గర్ వెనక్కి, మన బుగ్గ కిందకి వస్తాయి. బ్యారెల్ పొడవు తగ్గదు గానీ తుపాకీ మొత్తం పొడవు తగ్గుతుంది. అర మీటరుకు పైగా బ్యారెల్ ఉన్న మామూలు రైఫిల్ మీటరు దాటిపోతే, అదే బ్యారెల్‌తో బుల్‌పప్ 75 నుంచి 90 సెంటీమీటర్లలో సర్దుకుంటుంది.

ఇక్కడ మాట్లాడుతున్నవన్నీ పీసీపీ రకం. అంటే ముందే గాలి నింపి పెట్టుకునేవి. ఒక సిలిండర్‌లో 200 నుంచి 300 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి). ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వెళ్లి వాల్వ్‌ను తడుతుంది, అది రెప్పపాటు తెరుచుకుంటుంది, కొంచెం గాలి పెల్లెట్ వెనక్కి చేరి దాన్ని తోస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతున్న కొద్దీ వేగం మారకుండా ఉండాలంటే మధ్యలో రెగ్యులేటర్ కావాలి. వంటగ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్ చేసే పనే ఇదీ చేస్తుంది: లోపల ఎంత ఉన్నా బయటికి ఒకే ఒత్తిడి ఇస్తుంది. రెగ్యులేటర్ దాటిన గాలి, వాల్వ్ తెరుచుకునే దాకా ఆగి ఉండే చిన్న గదిని ప్లీనమ్ అంటారు. ఈ ప్లీనమ్ సైజు గురించి కంపెనీలు చాలా గొప్పగా చెప్పుకుంటాయి. ఎందుకో తర్వాత చూద్దాం.

గీత ఎక్కడ ఉంది

"ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు" అన్న మాట సగమే నిజం. ఆయుధ నిబంధనలు, 2016 ప్రకారం రెండు కొలతలు చూస్తారు. ఒకటి బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం: .177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు. రెండోది గొట్టం చివర పెల్లెట్‌కు ఉండే శక్తి: 20 జౌల్స్, పాత లెక్కలో సుమారు 15 ఫుట్-పౌండ్లు. ఈ రెండు హద్దుల్లోపల ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు, అమ్మేవాళ్లకు గుర్తింపు పత్రాలు ఇస్తే చాలు. బోరు గానీ శక్తి గానీ హద్దు దాటితే లైసెన్స్ కావాలి. కాబట్టి .22 బోరు రైఫిల్ శక్తి ఎంత తక్కువైనా గీతకు అవతలిదే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. "పవర్ తగ్గించి పెట్టాను కదా" అన్న సమాధానం బోరు విషయంలో చెల్లదు.

లైసెన్స్ తీసుకునే దారి మూసుకుపోలేదు. ఆయుధ చట్టం, 1959లో 13వ సెక్షన్, కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ లేదా రైఫిల్ అసోసియేషన్ సభ్యుడు టార్గెట్ ప్రాక్టీసుకు వాడుకునే .22 రైఫిల్‌ను, ఎయిర్ రైఫిల్‌ను పేరు పెట్టి మరీ ప్రస్తావిస్తుంది. హైదరాబాద్‌లో దరఖాస్తు వెళ్లేది పోలీస్ కమిషనరేట్‌కు. కానీ అది ఓపిక కావాల్సిన పని. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం లైసెన్స్ లేని వాళ్ల వైపు నుంచే.

ఇలాంటి గీతలు మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో రైఫిల్‌కు 12 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 16.3 జౌల్స్, దాటితే ఫైర్ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి. జర్మనీలో 7.5 జౌల్స్. స్వీడన్‌లో 10 జౌల్స్. ఇంపాక్ట్ తయారయ్యేది స్వీడన్‌లోనే, అయినా దాన్ని పూర్తి శక్తితో లైసెన్స్ లేకుండా ఉంచుకునే వీలు ఆ దేశస్థుడికీ లేదు. అమెరికాలో ఫెడరల్ స్థాయిలో శక్తికి హద్దు లేదు. వీడియోల్లో సింహభాగం అక్కడివే కావడం మన తికమకకు పెద్ద కారణం. మన పరిస్థితికి దగ్గరగా ఉండేది బ్రిటన్‌వాళ్ల 12 ఫుట్-పౌండ్ల అనుభవం. మనం అనుకున్న రైఫిల్‌కు 12 ఫుట్-పౌండ్ల మోడల్ రివ్యూ ఒక్కటి చదివితే, ఫుల్ పవర్ వీడియోలు పది చూసినదానికంటే ఎక్కువ పనికొస్తుంది.

20 జౌల్స్ అంటే ఎంత వేగం

శక్తి అంటే బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. పెల్లెట్ల బరువు గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు. .177లో బాగా వాడుకలో ఉన్న 8.44 గ్రెయిన్ల పెల్లెట్ బరువు 0.547 గ్రాములు. దానికి 20 జౌల్స్ ఇస్తే వేగం సెకనుకు సుమారు 270 మీటర్లు. కొంచెం బరువైన 10.34 గ్రెయిన్ల పెల్లెట్, అంటే 0.67 గ్రాములది, అదే శక్తితో సెకనుకు సుమారు 244 మీటర్లు వెళ్తుంది. నడుము సన్నగా, వెనక గౌను అంచులా ఉండే ఈ పెల్లెట్లు బాగా కుదురుగా పోయేది దాదాపు ఈ వేగాల్లోనే. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు, దాని దగ్గరికి పోతే అవి తడబడతాయి. అంటే .177కు 20 జౌల్స్ చిన్నచూపు చూడాల్సిన శక్తి కాదు. పెల్లెట్‌కు కావాల్సిన వేగం అందులో ఉంది.

ఇప్పుడు అవతలి పక్క చూడండి. .25 బోరులో 33.95 గ్రెయిన్ల పెల్లెట్‌ను సెకనుకు 275 మీటర్ల వేగంతో వదిలితే 83 జౌల్స్. .30లో 44.75 గ్రెయిన్లకు అదే వేగం ఇస్తే దాదాపు 110 జౌల్స్. అమెరికాలో రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కొట్టే వంద గజాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో నడిచేది ఈ తరహా పెద్ద బోరు. 700 మిల్లీమీటర్ల బ్యారెల్, పెద్ద ప్లీనమ్, వరసగా రెండు రెగ్యులేటర్లు, పెల్లెట్లకు బదులు తూటా ఆకారంలో ఉండే స్లగ్గులు, ఇవన్నీ పుట్టింది ఆ అవసరం కోసం. గాలికి పొడుగు బ్యారెల్‌లో తోయడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది, పెద్ద ప్లీనమ్‌లో ఎక్కువ గాలి సిద్ధంగా ఉంటుంది. 20 జౌల్స్‌కు ఆ అవసరమే లేదు. మామూలు పొడవు బ్యారెల్ చాలు, చిన్న ప్లీనమ్ చాలు. పొడుగు బ్యారెల్‌తో వచ్చేది గాలి కొంత ఆదా, కాస్త తగ్గిన చప్పుడు.

వీడియోల్లో కనిపించే పావురాలు, కుందేళ్ల వేట సంగతి మన దగ్గర మాట్లాడుకోవడానికే లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 చేతిలో ఉన్నది ఎయిర్ గన్నా, బందూకా అని చూడదు. "హంటింగ్ పవర్" అనే వాదన అక్కడితో ఆగిపోతుంది. మనకు మిగిలేది కాగితం మీది టార్గెట్, ఇనుప బిళ్లలు.

పొట్టితనానికి కట్టాల్సిన మూల్యం

బుల్‌పప్‌లో లాభం కంటికి కనిపిస్తుంది. ఫ్లాట్‌లో అల్మరాలో పడుతుంది, కేసులో పెట్టుకుంటే కారు వెనక సీటు మీద సరిపోతుంది, బరువు శరీరానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి చేత్తో పట్టుకున్నప్పుడు ముందుకు లాగదు. స్కోప్ లేకుండా ఇవి చాలావరకు మూడు కిలోల చుట్టూ తూగుతాయి. నష్టాలే కొంచెం లోతుగా చూడాలి.

మొదటిది స్కోప్ ఎత్తు. బుగ్గ ఆనే చోటు బ్యారెల్ వరసలోనో దానికి పైనో ఉంటుంది కాబట్టి కన్ను బ్యారెల్‌కు చాలా పైన ఉంటుంది. మామూలు రైఫిల్‌లో స్కోప్ మధ్యగీత బ్యారెల్ మధ్యగీతకు నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, బుల్‌పప్‌లో ఏడు దాకా పోవచ్చు. దీనివల్ల ఏమవుతుంది? పైన చెప్పిన 244 మీటర్ల వేగం పెల్లెట్‌తో, రెండు తుపాకుల్నీ 30 మీటర్లకు జీరో చేశాం అనుకుందాం, అంటే ఆ దూరంలో గురి, దెబ్బ ఒకేచోట పడేట్టు సరిచేశాం. ఇప్పుడు 10 మీటర్ల టార్గెట్‌ను కొడితే మామూలు రైఫిల్ దెబ్బ గురికి ఒక సెంటీమీటరు పైచిలుకు కిందపడుతుంది. బుల్‌పప్ దెబ్బ దాదాపు మూడు సెంటీమీటర్లు కిందపడుతుంది. 5 మీటర్లలో అయితే నాలుగున్నర దాటుతుంది. ఎప్పుడూ ఒకే దూరంలో కొట్టేవాళ్లకు ఇది సమస్యే కాదు, ఆ దూరానికి జీరో చేసుకుంటే అయిపోతుంది. 10 నుంచి 40 మీటర్ల మధ్య దూరాలు మారుస్తూ కొట్టేవాళ్లు మాత్రం ప్రతి దూరానికీ ఎంత పైకి పట్టాలో పట్టిక రాసుకోవాల్సిందే. మన దగ్గర 10 మీటర్ల రేంజిలు ఎక్కువ, పెద్ద దూరాల రేంజిలు తక్కువ కాబట్టి ఈ లెక్క మనకు అమెరికావాడికంటే ఎక్కువ తగులుతుంది. పైగా చాలా స్కోపులు 10 మీటర్లలోపు స్పష్టంగా ఫోకస్ కావు. రైఫిల్ మీద రెండు లక్షలు పెట్టేవాళ్లు ఈ సంగతి స్కోప్ బిగించాక గాని గమనించరు.

రెండోది ట్రిగ్గర్. వేలు ముందెక్కడో ఉంటే, సుత్తిని పట్టి ఉంచే కొక్కెం వెనక బుగ్గ కింద ఉంటుంది. మధ్యలో ఒక పొడుగు కడ్డీ. కడ్డీ వంగినా, కీలు దగ్గర సందు ఉన్నా ఆ తేడా వేలికి తెలుస్తుంది. చవక బుల్‌పప్‌లలో ట్రిగ్గర్ మెత్తగా, ఎక్కడ తెగుతుందో తెలియకుండా ఉండటానికి కారణం ఇదే. ఖరీదైన వాటిలో కట్టే డబ్బులో పెద్ద వాటా ఈ లోపాన్ని సరిదిద్దడానికే పోతుందంటే నమ్మాలి. మామూలు రైఫిల్‌లో అసలు పుట్టని సమస్య ఇది.

మూడోది కంటికి కనబడని లోడింగ్. మ్యాగజైన్ బుగ్గ పక్కన ఉండటంతో పెల్లెట్ లోపలికి వెళ్లిందో లేదో తల ఎత్తితే గాని తెలియదు. అనుమానంతో పెల్లెట్‌ను లోపలికి తోసే లివర్ రెండోసారి లాగితే రెండు పెల్లెట్లు ఒకదాని వెనక ఒకటి బ్యారెల్‌లోకి చేరిపోవచ్చు. తుపాకీ పొట్టిగా ఉండటంతో చేతులు గొట్టం కొసకు దగ్గరగా ఉంటాయి, పక్కకు తిరిగినప్పుడు గొట్టమూ చటుక్కున తిరుగుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు ఇంకో తంటా: కుడివైపు లివర్, పక్కకు పొడుచుకొచ్చే మ్యాగజైన్ సరిగ్గా వాళ్ల మొహం దగ్గరికి వస్తాయి.

నాలుగు రైఫిళ్లు, నాలుగు దారులు

స్వీడన్ మారియెస్టాడ్‌కు చెందిన ఎఫ్‌ఎక్స్ ఎయిర్‌గన్స్ వారి ఇంపాక్ట్ ఎం3 ఈ వర్గంలో అందరూ ముందు పలికే పేరు. దీని దారి "అన్నీ మార్చుకోవచ్చు". బ్యారెల్ లోపలి సన్న గొట్టాన్ని, అంటే లైనర్‌ను, తీసి వేరేది పెట్టవచ్చు. .177 నుంచి .35 దాకా బోర్లు ఉన్నాయి. రెగ్యులేటర్లు రెండు, సుత్తి స్ప్రింగు బిగువు బయటి నుంచే మార్చుకోవచ్చు. విప్పి బిగించడం ఇష్టమైన వాళ్లకు ఇది స్వర్గం. కానీ తిప్పడానికి ఇన్ని ఉన్నాయంటే చెడగొట్టుకోవడానికీ అన్ని ఉన్నాయి. బాగా నడుస్తున్న ట్యూన్‌ను ఇంకొంచెం బాగుచేద్దామని కదిలించి, మళ్లీ పాతచోటికి తేలేక తల పట్టుకునేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. మన చట్టం దృష్టిలో ఇంకో మెలిక ఉంది. శక్తిని చేత్తో పెంచుకోగల తుపాకీ 20 జౌల్స్ గీతను ఒక్క తిప్పుతో దాటేయగలదు, దాటితే బాధ్యత పట్టుకున్నవాడిదే.

ఇంగ్లండ్‌లోని డేస్టేట్ కంపెనీ డెల్టా వుల్ఫ్ ఎలక్ట్రానిక్ దారి. ఇందులో ట్రిగ్గర్ ఒక స్విచ్ మాత్రమే, వాల్వ్ ఎంతసేపు తెరుచుకోవాలో సర్క్యూట్ నిర్ణయిస్తుంది. టచ్‌స్క్రీన్ ఉంది, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ తుపాకీలోనే ఉంది. పొడుగు కడ్డీ గొడవ పూర్తిగా పోయింది, బుల్‌పప్ ట్రిగ్గర్ సమస్యకు ఇంతకంటే శుభ్రమైన పరిష్కారం నేను చూడలేదు. సైడ్ లివర్‌ను ఎడమవైపుకూ మార్చుకోవచ్చు.

ఎలక్ట్రానిక్ మీద వాదన రెండువైపులా బలంగానే ఉంది. సుత్తి, స్ప్రింగు అరుగుతాయి, గ్రీజు పాతబడితే వేగం మారుతుంది, సర్క్యూట్‌కు ఆ బాధ లేదు అంటారు ఒకవైపు వాళ్లు. బ్యాటరీ అయిపోతే తుపాకీ కర్రతో సమానం, బోర్డు పోతే బోర్డే మార్చాలి అంటారు అవతలివాళ్లు. సర్వీస్ సెంటర్ అరగంట దూరంలో ఉన్న ఇంగ్లండ్‌లో అయితే నేను మొదటివాళ్ల పక్షం. హైదరాబాద్‌లో రెండోవాళ్ల మాటకే బరువెక్కువ. మెకానికల్ రైఫిల్‌లో చెడేవాటిలో ఎక్కువ భాగం ఓ-రింగులే, సైజు తెలిస్తే అవి సీల్స్ అమ్మే మామూలు షాపులో దొరుకుతాయి.

చెక్ దేశపు కాలిబర్‌గన్ వారి క్రికెట్ పాత తరహా బుల్‌పప్. మార్చుకోవడానికి తక్కువ, చెడడానికీ తక్కువ. ట్రిగ్గర్‌కు మంచి పేరుంది. జర్మనీలోని వైరౌఖ్ వారి హెచ్‌డబ్ల్యూ 100 బీపీ ఇంకా సాదాసీదా: ఎన్నో ఏళ్లుగా నిగ్గుతేలిన హెచ్‌డబ్ల్యూ 100 రైఫిల్ యంత్రాన్నే బుల్‌పప్ ఒంట్లో పెట్టారు. 200 బార్ నింపితే చాలు, మ్యాగజైన్‌లో 14 పెల్లెట్లు, లోపల రెగ్యులేటర్. .30 బోరు లేదు, టచ్‌స్క్రీన్ లేదు, దీని గురించి ఊగిపోతూ తీసే వీడియోలు కూడా తక్కువే. బ్రిటన్, జర్మనీల గీతల లోపల పనిచేసేలా పెంచిన యంత్రం కాబట్టి తక్కువ శక్తిలో దీని పనితనం బాగుంటుంది. గీతకు ఇవతల వాళ్ల లిస్టులో ఇది పైకి రావాలన్నది నా అభిప్రాయం. ఇంపాక్ట్ అభిమానులు ఒప్పుకోరు, వాళ్ల వాదన కింద ఉంది.

రెగ్యులేటర్ గొప్పా, గాలి గొప్పా

రివ్యూల్లో "ఎక్స్‌ట్రీమ్ స్ప్రెడ్" అనే మాట తరచూ వస్తుంది. వరసగా పేల్చిన పెల్లెట్లలో అత్యధిక వేగానికి, అత్యల్ప వేగానికి మధ్య తేడా అది. ఈ తేడా సెకనుకు 3 మీటర్లు ఉన్న రైఫిల్‌ను మెచ్చుకుని, 10 మీటర్లు ఉన్నదాన్ని పక్కన పెడతారు. నిజంగా ఎంత తేడా పడుతుంది?

244 మీటర్ల వేగంతో బయలుదేరిన .177 పెల్లెట్ 50 మీటర్లు చేరేసరికి గొట్టం వరస నుంచి సుమారు 24 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగం ఒక శాతం మారితే ఈ జారుడు రెండు శాతం మారుతుంది. 3 మీటర్ల స్ప్రెడ్ అంటే ఒక శాతం పైచిలుకు, కాబట్టి 50 మీటర్లలో నిలువు తేడా ఆరు మిల్లీమీటర్లు. 10 మీటర్ల స్ప్రెడ్ అయితే రెండు సెంటీమీటర్లు. 25 మీటర్ల దూరంలో అదే 10 మీటర్ల స్ప్రెడ్‌కు తేడా అర సెంటీమీటరు లోపే. 10 మీటర్ల రేంజిలో కంటికి ఆనదు.

ఇప్పుడు పక్కగాలి లెక్క. గంటకు 10 కిలోమీటర్ల గాలి, అంటే చెట్ల ఆకులు కదిలేంత, పక్క నుంచి వీస్తే అదే పెల్లెట్ 50 మీటర్లలో ఐదు సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. గచ్చిబౌలి వైపు ఆషాఢమాసపు గాలిలో ఆరుబయట కొట్టేవాళ్లకు ఆరు మిల్లీమీటర్ల రెగ్యులేటర్ గొప్పతనం కనిపించే అవకాశం తక్కువ. పెద్ద బోరు, బరువు పెల్లెట్లు గాలికి తక్కువ కొట్టుకుపోతాయన్నది నిజం, అందుకే అవతలి దేశాల్లో శక్తి కోసం అంత తాపత్రయం. .177లో ఉన్నంతవరకు ఆ దారి లేదు.

సిలిండర్, పంపు, మే నెల ఎండ

పెద్ద సిలిండర్ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. లెక్క చూద్దాం. 580 సీసీ బాటిల్‌ను 250 బార్‌కు నింపి, రెగ్యులేటర్‌ను 100 బార్ దగ్గర పెట్టామనుకోండి. వాడుకోగల గాలి 0.58ను 150తో గుణిస్తే 87 లీటర్లు. 20 జౌల్స్ దెబ్బకు పావు లీటరు అనుకుంటే దాదాపు 350 దెబ్బలు. అదే బాటిల్‌తో, రెగ్యులేటర్ 140 బార్‌కు పెంచి, దెబ్బకు లీటరు ఖర్చయ్యే 80 జౌల్స్ తుపాకీ నడిపితే 64 దగ్గర ఆగిపోతుంది. ఆ రెండోవాడికి పెద్ద బాటిల్ ప్రాణావసరం. ఇటు 200 సీసీ చిన్న సిలిండర్‌ను 200 బార్‌కే నింపినా, 20 జౌల్స్‌కు 80 దెబ్బలు వస్తాయి. ఒక సాయంత్రం సాధనకు అది తక్కువేం కాదు. దెబ్బకు ఎంత గాలి అన్నది రైఫిల్‌ను బట్టి మారుతుంది, ఇది నిష్పత్తి అర్థం కావడానికి వేసిన లెక్క.

నింపే దగ్గర ఈ తేడా ఇంకా తెలుస్తుంది. 20 లీటర్ల గాలి చేతిపంపుతో కొట్టుకోవచ్చు, చెమట పడుతుంది అంతే. 87 లీటర్లంటే వందల స్ట్రోకులు. కాబట్టి పెద్ద బాటిల్ రైఫిల్ కొన్నవాడు కంప్రెసరో, పెద్ద నిల్వ సిలిండరో కొనక తప్పదు. నిల్వ సిలిండర్లు గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 కిందికి వస్తాయి, వాటికి గడువు ప్రకారం హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడితో పరీక్ష, చేయించాలి. వానాకాలంలో మన గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్‌కు తేమ పీల్చే ఫిల్టర్ లేకపోతే నీళ్లు రైఫిల్ లోపలికి వెళ్లి రెగ్యులేటర్‌ను, వాల్వ్‌ను తినేస్తాయి. ఆక్సిజన్ సిలిండర్‌తో నింపడం మాత్రం ఎక్కడా చేయకూడని పని, లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది.

ఎండ సంగతి విదేశీ రివ్యూల్లో దొరకదు. 25 డిగ్రీల గదిలో 250 బార్ నింపిన సిలిండర్‌ను మే నెల మధ్యాహ్నం ఆరుబయట పార్క్ చేసిన కారులో వదిలేస్తే, లోపల వేడి 60 డిగ్రీలకు చేరవచ్చు. ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చి లెక్కేస్తే 298 నుంచి 333కు పెరిగినట్టు, ఒత్తిడి సుమారు 279 బార్ అవుతుంది. 250 గరిష్ఠమని రాసి ఉన్న తుపాకీకి అది హద్దు దాటడమే. 200 బార్‌తో మొదలైతే 223 దగ్గర ఉంటుంది.

ఒలింపిక్ దారి దీనితో కలవదు

మన ఊళ్లో ఎయిర్ రైఫిల్ అనగానే గగన్ నారంగ్ గుర్తుకొస్తాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం. పిల్లవాడు షూటింగ్ నేర్చుకుంటానంటే ఇంత ఖర్చు ఎలాగూ పెడుతున్నాం, బుల్‌పప్ కొనిపెడదాం అనుకునే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. ఆ ఆటకు ఇవి పనికిరావు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ పోటీల్లో స్కోప్ ఉండదు, రంధ్రం గుండా చూసే సైట్లే. టార్గెట్ మధ్యలో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆ రైఫిళ్లు వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టైయర్ లాంటి కంపెనీలవి, వాటి శక్తి 7.5 జౌల్స్ చుట్టే ఉంటుంది, ఆకారమే వేరు.

ఎవరి వాదన ఎంతవరకు

"ముందు .177 ఇంపాక్ట్ కొనుక్కో, రేపు లైసెన్స్ వచ్చాక .22, .25 బ్యారెల్ వేసుకోవచ్చు" అన్నది ఇంపాక్ట్ వైపు వాళ్ల బలమైన వాదన. క్లబ్ సభ్యత్వం ఉండి, 50 మీటర్లు, ఆపై దూరాల మీద నిజంగా మనసున్నవాళ్లకు ఇందులో పస ఉంది. మార్చుకునే వీలున్న రైఫిల్ ఒక్కటే రెండు మూడు రైఫిళ్ల పని చేస్తుంది. లైసెన్స్ చేతికొచ్చేదాకా మాత్రం ఆ శక్తికి, ఆ బాటిల్‌కు, రెండో రెగ్యులేటర్‌కు కట్టిన డబ్బు ఊరకే పడి ఉంటుంది.

"అసలు బుల్‌పప్పే ఎందుకు, అదే డబ్బుతో మామూలు రైఫిల్, మంచి స్కోప్ రావా?" అనేవాళ్లూ ఉన్నారు. కూర్చుని, బల్ల మీద సంచి పెట్టుకుని కొట్టేవాళ్ల విషయంలో వాళ్లతో వాదించడం కష్టం. పొడుగు రైఫిల్ సంచుల మీద నిలకడగా ఉంటుంది, ట్రిగ్గర్ సహజంగానే బాగుంటుంది, స్కోప్ కిందికి కూర్చుంటుంది. ప్రెసీహోల్ లాంటి భారతీయ కంపెనీలు లైసెన్స్ అక్కర్లేని .177 పీసీపీలు చేస్తున్నాయి కాబట్టి దిగుమతి తలనొప్పి లేకుండానే మొదలుపెట్టవచ్చు. నిలబడి, మోకాలి మీద, కదులుతూ కొట్టేవాళ్లకు, ఇంట్లో చోటు తక్కువున్నవాళ్లకు బుల్‌పప్ పొట్టితనం నిజమైన సుఖమే.

ధర దగ్గర అందరూ ఒక్క అంకెతో సరిపెట్టుకుంటారు. ఇంపాక్ట్, డెల్టా వుల్ఫ్ లాంటివి విదేశాల్లోనే రెండు వేల డాలర్లు దాటుతాయి. దానిమీద స్కోప్, గాలి నింపే సామాను, రవాణా, సుంకం. దిగుమతి విధానంలో ఎయిర్ రైఫిళ్లు ఆంక్షలున్న జాబితాలో ఉన్నాయి. మామూలుగా వెబ్‌సైట్లో ఆర్డర్ పెట్టి ఇంటికి తెప్పించుకునే వస్తువు కాదు. తుపాకీ ఒక్కటే కాదు, ఆయుధ చట్టం రెండో సెక్షన్ "ఆయుధం" అన్న మాటలో విడిభాగాలను కూడా చేర్చింది. .177 ఇంపాక్ట్ పెట్టెలో "ఎప్పుడైనా పనికొస్తుంది" అని పెట్టించుకున్న .22 బ్యారెల్ కిట్‌ను కస్టమ్స్ అధికారి ఆ కళ్లతోనే చూస్తాడు.